ఫోన్లో తీసిన వీడియో అంటే మనకెందుకింత చులకన?

కత్తెరపని | శుక్రవారం, రాత్రి 9:12

పదకొండేళ్ళుగా వీడియో ఎడిటింగే నా బతుకుతెరువు. ఈ పోస్టు ఒకరకంగా తప్పు ఒప్పుకోవడమే అనుకోండి.

పోయిన ఆదివారం ఇంట్లో కుట్టుమిషన్ మొరాయించింది. పైన కుట్టు బాగానే పడుతోంది, బట్ట తిరగేస్తే కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. ఏం చేయాలో తెలియక వీడియోలు వెతికా. మొదటి మూడూ చక్కగా తీసినవి. లైటింగ్ బ్రహ్మాండం, వెనక సన్నగా సంగీతం, మూడు కోణాలు. మూడింట్లోనూ కింద బాబిన్ కేసు (కింది దారం ఉండే డబ్బీ) స్క్రూ తిప్పమన్నారు. తిప్పా. ఉన్నది కూడా పోయింది.

నాలుగోది పద్నాలుగు నిమిషాల వీడియో. ఒకావిడ ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని కుడిచేత్తో మిషన్ చూపిస్తోంది. మూడో నిమిషం నుంచి తెర మూలన ఆవిడ బొటనవేలే. ఫ్యాన్ హోరు. మధ్యలో ఎవరో తలుపు కొడితే "ఉండండి, వస్తున్నా" అని ఫోన్ బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. నలభై సెకన్లు సీలింగ్ చూశాం. దాన్ని కోయనూ లేదు. అలవాటుకొద్దీ నా వేళ్ళు కట్ నొక్కడానికి గాల్లో లేచాయి.

తిరిగొచ్చి ఆవిడ అన్నమాట ఇది: "కింద ఉచ్చులు పడుతున్నాయంటే తప్పు కింద లేదమ్మా, పైన ఉంది. పాదం దించి దారం ఎక్కించి ఉంటారు." పాదం అంటే మిషన్లో బట్టని నొక్కిపట్టే ముక్క. అది దించితే పైదారాన్ని బిగించే టెన్షన్ బిళ్ళలు రెండూ మూసుకుపోతాయట. దారం వాటి మధ్యలోకి దిగకుండా పైపైన జారిపోతుంది, పట్టు ఉండదు. చెప్పి ఊరుకోలేదు. చిన్న కాగితం ముక్క ఆ బిళ్ళల మధ్యకి దూర్చింది. పాదం ఎత్తినప్పుడు లాగితే సులువుగా వచ్చేసింది. దించి లాగితే చిరిగింది. అంతే, నాకు అర్థమైపోయింది. పాదం ఎత్తి దారం మళ్ళీ ఎక్కించా, కుట్టు సరిపోయింది. (స్క్రూని వెనక్కి తిప్పుకోవడానికి ఇంకో గంట పట్టింది, అది వేరే కథ.)

ఇప్పుడు అసలు సంగతి. మా ఆఫీసులో మధ్యాహ్నం భోజనాలప్పుడు ఇలాంటి వీడియోలు పెద్ద తెర మీద వేసుకుని నవ్వుకోవడం మాకో ఆట. బొటనవేలు కనబడితే ఒక పాయింటు, ఫ్యాన్ చప్పుడుకి రెండు. ఈవిడ వీడియో వేసి ఉంటే ఆరోజు రికార్డు బద్దలయ్యేది. సోమవారం నుంచి నాకు ఆ ఆట రుచించడం లేదు. మీరేమంటారు? మామూలు మనుషులు తీసి పంచుకునే వాటిని మనం ఏ లెక్కన చూడాలి?

చివరిబెంచీ | రాత్రి 9:20

ఆ నలభై సెకన్ల సీలింగ్ నాకు పంపండి అన్నా. ఫిలిం ఫెస్టివల్‌కి పంపుకుంటా.

ముక్కుసూటి | రాత్రి 9:58

కథ బాగుంది, లెక్క బాలేదు.

మీకు దొరికిన ఒక్క మంచి వీడియో గురించి చెబుతున్నారు. అలాంటిది దొరికేలోపు నా జీవితంలో ఎన్ని గంటలు పోయాయో ఎవరు లెక్కేస్తారు? "హాయ్ ఫ్రెండ్స్, ఇంకా సబ్‌స్క్రైబ్ చేయనివాళ్ళుంటే" అంటూ రెండు నిమిషాలు, అసలు విషయం పదకొండు సెకన్లు, ఆ వెంటనే గంట గుర్తు నొక్కమని ప్రాధేయపడటం. చులకన ఊరికే పుట్టదండీ. ఒకప్పుడు పత్రికలో నాలుగు ముక్కలు అచ్చవ్వాలంటే సబ్ ఎడిటర్ అనే ప్రాణి ఒకటి అడ్డుపడేది. "ఇది నిజమేనా? ఎవరు చెప్పారు?" అని కనీసం ఒక్క ప్రశ్న అడిగేది. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగేవాడు లేడు.

ఇంకోటి. తప్పు చెప్పిన ఆ మూడు వీడియోలూ తీసింది కూడా మామూలు మనుషులే కదా? కాకపోతే లైట్లు కొన్నారు. కాబట్టి మీ కథ వల్ల తేలింది ఔత్సాహికులు గొప్పవాళ్ళని కాదు, పని తెలిసినవాళ్ళు గొప్పవాళ్ళని. ఆవిడ వీడియో తీయడంలో కొత్త కావచ్చు, కుట్టడంలో మాత్రం పాతకాపు. ఆ రెండిటినీ కలిపేస్తే చర్చంతా గాల్లోకి పోతుంది.

షార్ట్‌సర్క్యూట్ | రాత్రి 10:31

ముక్కుసూటి గారి మాటకి నా వంతు చేర్పు. నాది ఎలక్ట్రికల్ పని.

చెక్కమీద కరెంటుతో చెట్టుకొమ్మల్లాంటి గీతలు కాల్చే వీడియోలు చూసే ఉంటారు. చెక్కకి సోడా కలిపిన నీళ్ళు పూసి, రెండు చివరలా క్లిప్పులు తగిలిస్తారు. మెరుపు తీగలు పాకినట్టు కాలుకుంటూ వస్తుంది. చూడ్డానికి కన్నుల పండగే. ఆ కరెంటు ఎక్కణ్ణించి వస్తుందో తెలుసా? చాలామంది పాత మైక్రోవేవ్ ఓవెన్ విప్పి అందులోని ట్రాన్స్‌ఫార్మర్ పీకి వాడతారు. 2,000 వోల్టుల దాకా ఇస్తుంది. షాక్ తగిలితే కరెంటు ఆపేయడానికి గోడకున్న ఆర్‌సీసీబీ మనల్ని కాపాడుతుందనుకుంటే పొరపాటే. ట్రాన్స్‌ఫార్మర్‌కి అవతలి వైపు మీ ఒంట్లోంచి పారే కరెంటు గోడవైపున్న బ్రేకర్‌కి మామూలు వాడకంలాగే కనబడుతుంది. అది పడిపోదు. మనిషే పడిపోతాడు. పడిపోయారు కూడా, చాలామంది. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వుడ్‌టర్నర్స్ (లేత్ మీద చెక్కని తిప్పి వస్తువులు చేసేవాళ్ళ సంఘం) తమ కార్యక్రమాల్లో ఈ పద్ధతినే నిషేధించింది.

వీడియో చూసి నేర్చుకోవడంలో ఉన్న మెలిక ఇదే. బతికి బయటపడ్డవాడే వీడియో పెడతాడు. కిందున్న కామెంట్లన్నీ "సూపర్ బ్రో". చచ్చిపోయినవాడు వచ్చి కామెంట్ పెట్టడు కదా.

అయితే ఒకటి. ఆ వుడ్‌టర్నర్ల సంఘంలో ఎక్కువమంది సరదాకి చెక్క తిప్పుకునేవాళ్ళే. ఔత్సాహికుల మీద ఔత్సాహికులే కళ్ళెం వేశారన్నమాట. సబ్ ఎడిటర్ లేకపోతే కొంప మునిగిపోతుందని నేను అనను. ఎవరో ఒకరు మాత్రం "ఒరేయ్ ఆగు" అనాలి.

పాతసామాను | రాత్రి 11:47

ఈ గొడవ మనకి కొత్తగానీ లోకానికి కొత్తేం కాదు.

1888లో కొడాక్ వాళ్ళు వంద ఫొటోల ఫిల్ము ముందే ఎక్కించిన పెట్టె కెమెరా అమ్మారు. ఫొటోలు అయిపోతే పెట్టె పెట్టెగా కంపెనీకి పంపడమే, వాళ్ళే కడిగి, ముద్రించి, కొత్త ఫిల్ము వేసి తిరిగి పంపేవారు. అప్పటిదాకా ఫొటో అంటే గాజుపలకలు, రసాయనాలు, నల్లముసుగు. ఒక్కసారిగా ఎవరు పడితే వాళ్ళు వీధిలో నిలబడి ఎవరిని పడితే వాళ్ళని తీయడం మొదలైంది. మూడేళ్ళు తిరక్కుండానే, 1890 డిసెంబరులో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు న్యాయవాదులు హార్వర్డ్ లా రివ్యూలో ఒక వ్యాసం రాశారు. అప్పటికప్పుడు తీసే ఫొటోలు, పత్రికలు కలిసి మనుషుల ఇళ్ళలోకి, బతుకుల్లోకి దూరుతున్నాయన్నది వాళ్ళ బాధ. మనం ఇవాళ ప్రైవసీ హక్కు అంటున్నదానికి ఆ వ్యాసం ఒక మూలం. చేతిలో కెమెరా ఉన్న మామూలు మనిషంటే పుట్టిన భయం నూట ముప్పై ఏళ్ళు దాటినా మనల్ని వదల్లేదు.

1900లో బ్రౌనీ అనే కెమెరా వచ్చింది, ఒక్క డాలరు. పిల్లలు కూడా తీశారు. ఫొటోని కళగా భావించేవాళ్ళు "మాది వేరు, వీళ్ళది వేరు" అని గిరి గీసుకున్నారు. 1923లో ఇళ్ళలో వాడుకునే 16 ఎంఎం సినిమా కెమెరా. థియేటర్లలో వాడే 35 ఎంఎం నైట్రేటు ఫిల్ము భగ్గున అంటుకునే రకం, అందుకే ఇంటి సినిమాకని అంటుకోని ఫిల్ము మీదే దీన్ని తెచ్చారు. 1926కల్లా అమెచ్యూర్ సినిమా లీగ్ అని సంఘం పెట్టుకుని, ఒకళ్ళ సినిమాలు ఒకళ్ళు చూసి తప్పులు దిద్దుకునేవారు. షార్ట్‌సర్క్యూట్ గారి "ఒరేయ్ ఆగు" అప్పుడూ ఉండేది.

నాకు భలే ఇష్టమైన ముచ్చట హామ్ రేడియోది, అంటే సరదాకి సొంత రేడియో సెట్లతో దూరాన ఉన్నవాళ్ళతో మాట్లాడుకోవడం. హామ్ అన్నది మొదట తిట్టు. టెలిగ్రాఫ్ ఉద్యోగులు చేయి తిరగనివాణ్ణి వెక్కిరించడానికి వాడేవారు. రేడియో ఔత్సాహికులు ఆ తిట్టునే తీసుకుని పేరుగా పెట్టుకున్నారు. ఇప్పుడెవరికీ అది తిట్టని గుర్తే లేదు.

మన ఔత్సాహికుడన్న మాటలోనూ ఉన్నది ఉత్సాహమే. నైపుణ్యం లేనివాడని అందులో ఎక్కడా లేదు. ఆ అర్థం మనం తర్వాత అంటించుకున్నదే.

ముక్కుసూటి | శనివారం, ఉదయం 6:50

చరిత్ర బాగుంది గానీ, 1888లో ఫొటోలు తీసినవాడు వాటిని ఇంట్లో ఆల్బంలో పెట్టుకున్నాడు. నా ఫోన్లోకి తోయలేదు. తేడా అక్కడుంది.

డెస్కుమీద | ఉదయం 8:15

ఇరవై రెండేళ్ళు న్యూస్ డెస్కులో పనిచేసి బయటపడ్డవాణ్ణి. మా దగ్గర చులకన ఎలా ఉండేదో చెబుతా. పాఠకులు పంపే ఫొటోలకి ఒక అట్టపెట్టె ఉండేది. పేజీలో రెండంగుళాలు ఖాళీ మిగిలితేనే అది తెరిచేవాళ్ళం.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. అల వచ్చిన క్షణాన అక్కడ ఏ టీవీ కెమెరా లేదు. ప్రపంచమంతా చూసిన దృశ్యాల్లో ఎక్కువభాగం సెలవులకి వెళ్ళినవాళ్ళు హోటల్ బాల్కనీల్లోంచి తీసినవే. మర్నాడు ఆ అట్టపెట్టెని చూసి నవ్వినవాళ్ళు మా డెస్కులో ఎవరూ లేరు.

అసలు దీనికి తాత జాప్రూడర్ ఫిల్ము. ఆయన డాలస్‌లో ఆడవాళ్ళ దుస్తులు తయారుచేయించే వ్యాపారి. 1963 నవంబరు 22న అమెరికా అధ్యక్షుడు కెనడీ ఊరేగింపు చూద్దామనుకున్నాడు, కెమెరా ఇంట్లోనే వదిలేసి ఆఫీసుకొచ్చాడు. సహోద్యోగులు పోరు పెడితే మళ్ళీ ఇంటికెళ్ళి తెచ్చుకున్నాడు. తీసింది ఇరవై ఆరు సెకన్ల చిల్లర, 8 ఎంఎం, మూగ ఫిల్ము. ఒక దేశాధ్యక్షుడి హత్యకి అంతకంటే పూర్తి దృశ్యసాక్ష్యం లేదు. 1994లో అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో చేర్చారు. దుస్తుల వ్యాపారి సరదా రీలు!

ఇంకా దగ్గరి సంగతి: 2020 మే, అమెరికాలోని మినియాపోలిస్. జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక పోలీసులు ఇచ్చిన మొదటి ప్రకటనలో, పోలీసు చర్య మధ్యలో ఆరోగ్య సమస్య వచ్చి ఒకతను చనిపోయాడన్న ధోరణి ఉంది. పోలీసు అధికారి అతని మెడమీద పెట్టి నొక్కిన మోకాలి మాటే లేదు. పదిహేడేళ్ళ డార్నెల్లా ఫ్రేజియర్ రోడ్డు పక్కన నిలబడి ఫోన్లో తీసి పెట్టిన వీడియో లేకపోతే ఆ ప్రకటనే చరిత్ర అయ్యుండేది. మరుసటి ఏడు, పత్రికారంగంలో పేరున్న పులిట్జర్ బహుమతి వాళ్ళు ఆ అమ్మాయికి ప్రత్యేక గుర్తింపు ఇచ్చారు.

ఇక నా పరువు తక్కువ సంగతి. ఒకసారి వరద వీడియో ఒకటి వచ్చింది. నీళ్ళలో కార్లు కొట్టుకుపోతున్నాయి. హడావుడిలో నేనే ఓకే చేశా. ప్రసారమైన పావుగంటకి ఒక ప్రేక్షకుడు ఫోన్ చేశాడు. "సార్, ఆ కార్లలో స్టీరింగ్ ఎడమవైపుంది చూశారా?" అని. ఇక్కడిది కాదు, ఇప్పటిదీ కాదు. వీడియో అబద్ధం కాదు, దాని కింద మేం వేసిన ఊరిపేరూ తేదీ అబద్ధం. పట్టుకున్నది కూడా మామూలు మనిషే. ఆ రోజు నుంచి ఏ వీడియో వచ్చినా నీడలు ఎటు పడుతున్నాయి, బోర్డుల మీద ఏ లిపి ఉంది, చెట్ల ఆకులు ఏ కాలం చెబుతున్నాయి చూడటం అలవాటైంది. జనం తీసినవి వాడుకోవాలి, మొక్కకూడదు.

చుక్కలలెక్క | ఉదయం 9:02

డెస్కుమీద గారూ, సైన్సు వైపు నుంచి ఒకటి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద ఉల్క పేలింది. ముందుగా ఏ టెలిస్కోపూ దాన్ని చూడలేదు. కానీ అక్కడి కార్లలో డ్యాష్‌కెమెరాలు ఎక్కువ. స్తంభాల నీడలు రోడ్డు మీద గిర్రున తిరగడం, వెలుగుకీ చప్పుడుకీ మధ్య తేడా, ఇవన్నీ ఆ వీడియోల్లోంచి తీసి అది సౌరకుటుంబంలో ఏ దారిన వచ్చిందో లెక్కగట్టారు. ఆ డ్రైవర్లెవరూ సైన్సు కోసం తీయలేదు. ఇన్సూరెన్స్ కోసం పెట్టుకున్న కెమెరాలవి.

ముక్కుసూటి | ఉదయం 9:30

మళ్ళీ నా మాటే. ఇవన్నీ సాక్ష్యాలు. ఎదురుగా జరిగింది కాబట్టి విలువ. ఉల్క తీసిన డ్యాష్‌కెమెరాకి కళ ఎక్కడిది? నా చిరాకంతా ఎదురుగా ఏమీ జరగకపోయినా కెమెరా ఆన్ చేసేవాళ్ళ మీద.

గొంతుసవరింపు | ఉదయం 11:10

చాలాకాలంగా చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి. నా కెమెరా ముందు ఏమీ జరగలేదు. అసలు కెమెరానే లేదు.

పిల్లలకి రాత్రిపూట కథలు చదివి ఆడియోలు పెట్టేదాన్ని. ఇంట్లోవాళ్ళు పడుకున్నాక బట్టల బీరువా తలుపులు తెరిచి, చీరల మధ్య తల దూర్చి రికార్డు చేసేదాన్ని, చప్పుడు మార్మోగకుండా. మొత్తం 41 కథలు. ఒక్కోదానికి వినేవాళ్ళు ముప్పై మంది, నలభై మంది. నాకదే పెద్ద సభ.

41వ దాని కింద ఒకాయన రాశారు: "ముందు చదవడం నేర్చుకుని రండి. జలుబు చేసిన కప్పలా ఉంది." దానికి పదహారు లైకులు. నా కథకి వచ్చినవి తొమ్మిది. ఆ తేడా ఎందుకో అలా గుర్తుండిపోయింది. మర్నాడు బీరువా దగ్గరికి వెళ్ళా. మొదటి వాక్యం నాలుగుసార్లు చదివా. నాలుగుసార్లూ కప్పే వినబడింది. మూసేశా.

నాలుగు నెలల తర్వాత ఒక తల్లి మెసేజ్ పెట్టింది, వాళ్ళబ్బాయి కొత్త కథ ఎప్పుడని అడుగుతున్నాడని. ఏం రాయాలో తెలియక ఇప్పటికీ జవాబివ్వలేదు.

ముక్కుసూటి గారూ, మీ ఫోన్లోకి నేను తోయలేదండీ. ఆయనే వచ్చి విన్నారు.

చివరిబెంచీ | ఉదయం 11:14

జలుబు చేసిన కప్ప చెప్పే కథ నేను వింటా. సీరియస్‌గానే.

కత్తెరపని | మధ్యాహ్నం 12:05

గొంతుసవరింపు గారూ, చీరల మధ్య రికార్డింగ్ అనేది మీరు కనిపెట్టారో ఎవరైనా చెప్పారో గానీ, స్టూడియోలో మేం డబ్బు పోసి చేయించేది అదే. మెత్తటి బట్ట చప్పుడుని మింగేస్తుంది. కళ్ళకి కాస్త మసక అయినా సరిపెట్టుకుంటాం, చెవికి మాత్రం శుభ్రంగా ఉండాలి. ఒక్క సలహా ఇస్తా, కావాలంటేనే. ఫోన్ నోటికి ఎంత దూరం పెడుతున్నారు? మూరెడు దూరంలో ఉంటే జానెడుకి తెండి. దూరం సగమైతే మీ గొంతు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది, గది చప్పుడు ఉన్నచోటే ఉంటుంది. కాస్త పక్కకి పెట్టండి, ఎదురుగా ఉంటే 'ప', 'భ' పలికినప్పుడు గాలి తగిలి డబ్ డబ్‌మంటుంది. పైసా ఖర్చు లేదు.

కప్ప సంగతి మాత్రం నేను నమ్మను. జలుబున్నప్పుడు చదివారా?

గొంతుసవరింపు | మధ్యాహ్నం 12:20

అవును. నిజంగానే జలుబుంది ఆరోజు.

ముక్కుసూటి | మధ్యాహ్నం 1:45

ఆ కామెంట్ పెట్టింది నేను కాదు. కానీ అలాంటివి పెట్టినవాణ్ణే. పదహారు లైకుల్లో ఒకటి నాదయ్యే అవకాశం లేకపోలేదు. అది చెప్పకుండా వాదించడం బాగుండదు.

అయినా ఒకటి అడుగుతా. మరి తప్పుంటే చెప్పకూడదా? షార్ట్‌సర్క్యూట్ గారు చెప్పిన చెక్క కాల్చేవాడికి "సూపర్ బ్రో" అనాలా? అందరినీ మెచ్చుకోవాలంటే అది కూడా ఒక రకం చులకనే. చిన్నపిల్లల బొమ్మ చూసి "అబ్బ ఎంత బాగుందో" అంటామే, అలా. పెద్దవాళ్ళని పెద్దవాళ్ళలాగే విమర్శించాలి కదా.

షార్ట్‌సర్క్యూట్ | మధ్యాహ్నం 2:10

చెక్క కాల్చేవాడు తప్పు చేస్తే ప్రాణం పోతుంది. ఈవిడ తప్పు చదివితే పిల్లాడు పది నిమిషాలు ఆలస్యంగా పడుకుంటాడు. రెండిటికీ ఒకే కర్ర ఎందుకు బాబూ?

నిర్వాహకురాలు | మధ్యాహ్నం 2:25

మధ్యలో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. గొంతు మీద జోకులు చాలు. చర్చ బాగుంది, సాగనివ్వండి.

ప్రకటనలశాఖ | సాయంత్రం 4:40

మీరంతా చులకన చులకన అంటున్నారు గానీ, మా రంగంలో గాలి ఎప్పుడో తిరిగింది. క్లయింటు ఇప్పుడు మొట్టమొదట అడిగేది "ఇంట్లో తీసినట్టుండాలి" అని. మంచి కెమెరాతో నిలకడగా తీస్తాం, తర్వాత కంప్యూటర్లో వణుకు కలుపుతాం. శుభ్రంగా రికార్డు చేసి, ఫ్యాన్ చప్పుడు లైబ్రరీలోంచి తెచ్చి వేస్తాం. పోయిన నెల ఒక నటికి మాట తడబడటం నేర్పించడానికి ఆరు టేకులు పట్టాయి.

ఈ విద్య పాతదే. 2006లో యూట్యూబ్‌లో లోన్లీగర్ల్15 అని ఒక అమ్మాయి తన గదిలో కూర్చుని గోడు వెళ్ళబోసుకునేది. వేలమంది నిజమనుకుని ధైర్యం చెప్పారు. జూన్‌లో మొదలైంది, సెప్టెంబరుకల్లా ఆమె నటి అనీ వెనక రాసేవాళ్ళున్నారనీ బయటపడింది. కెమెరా నాసిగా ఉంటే మనసు నిజమని నమ్మేస్తాం. మా జీతాలన్నీ ఆ నమ్మకం మీదే నడుస్తున్నాయి.

అందుకే నాసిగా ఉన్నదాన్ని చూసి నవ్వేవాళ్ళకంటే నాసిగా ఉంది కాబట్టి నిజమే అనుకునేవాళ్ళని చూస్తే నాకు ఎక్కువ జాలి.

కత్తెరపని | సాయంత్రం 4:52

నేను రోజంతా తీసేసే ఫ్యాన్ చప్పుడుని మీరు కొని వేస్తున్నారా? ముందే చెబితే మూటగట్టి ఉంచేవాణ్ణి కదండీ.

రీలుపెట్టె | రాత్రి 8:33

ఎదురుగా ఏమీ జరగకపోయినా కెమెరా ఆన్ చేసేవాళ్ళు అన్నారు ముక్కుసూటి గారు. ఆ మాట పొద్దుట్నుంచి మెదులుతోంది.

అమ్మ పోయి ఆరేళ్ళయింది. నా పెళ్ళి వీడియో మూడు గంటలుంటుంది, పేరున్నవాళ్ళే తీశారు. అందులో అమ్మ పంతొమ్మిది సార్లు కనబడుతుంది, లెక్కపెట్టా. ఒక్కసారి కూడా గొంతు వినబడదు. మొత్తం పాటలు వేసేశారు. అమ్మ నోరు కదులుతుంటుంది, ఎవరో గాయని పాడుతుంటుంది.

పోయినేడు మామయ్య పాత హ్యాండీక్యామ్ టేపులు కంప్యూటర్లోకి ఎక్కించమని ఒకచోట ఇచ్చా. ఆ కుర్రాడు ఫోన్ చేసి, "నాలుగో టేపులో చివరి ఏడు నిమిషాలు ఏమీ లేదండీ, ఒట్టి చీకటి. తీసేయమంటారా?" అన్నాడు. ఎందుకో ఉంచమన్నా.

మామయ్య కెమెరా ఆపడం మరిచిపోయి సంచిలో పడేశాడు. ఏడు నిమిషాల చీకటి. అందులో అమ్మ: "తాళంచెవి నీకే ఇచ్చా కదా. నాకెక్కడిచ్చావ్? సంచిలో చూడు. సంచిలో లేదు. సరిగ్గా చూడవే, చేయి పెట్టి కెలకడం కాదు, చూడు." తర్వాత నవ్వు. ఆ "నాకెక్కడిచ్చావ్" అన్నది నేనే, పద్నాలుగేళ్ళప్పుడు. మా అమ్మ గొంతు ఇప్పుడు నా దగ్గర ఉన్నది అదొక్కటే. దానికి దృశ్యం లేదు, ఫ్రేమింగ్ లేదు, తీసినవాడికి తీస్తున్నట్టే తెలియదు.

దీన్ని ఏ లెక్కన వేస్తారో నాకైతే తెలియదు.

పాతసామాను | రాత్రి 9:15

రీలుపెట్టె గారూ, ఒరిజినల్ టేపు పారేయకండి. కాపీ కనీసం రెండు వేర్వేరు చోట్ల పెట్టండి. ఏ వెబ్‌సైటూ శాశ్వతం కాదు. మామూలు జనం ఇళ్ళలో తయారుచేసుకున్న లక్షల వెబ్ పేజీలతో నిండిన జియోసిటీస్‌ని 2009లో మూసేశారు, కొందరు ఔత్సాహికులు పరుగులు పెట్టి కొంతభాగం దించుకున్నారు. మైస్పేస్‌లో (పాటలు పంచుకునే సైటు) 2015 దాకా జనం ఎక్కించిన పాటలు సర్వర్లు మార్చడంలో పోయాయని 2019లో తెలిసింది.

ఏమీ లేదనుకున్న రీలు గురించి ఇంకొక్కటి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా జపాన్ మూలాలున్న తన పౌరుల్నే శిబిరాల్లో పెట్టింది. కెమెరాలు నిషేధం. టోపాజ్ శిబిరంలో డేవ్ టాట్సునో అనే ఆయన దొంగచాటుగా తెప్పించుకున్న 8 ఎంఎం కెమెరాతో ఇంటివాళ్ళనీ ఇరుగుపొరుగునీ మంచునీ తీసుకున్నాడు, ఎవరైనా తీసుకునేలాంటివే. 1996లో అదీ జాతీయ జాబితాకెక్కింది, జాప్రూడర్ తర్వాత అలా ఎక్కిన రెండో ఇంటి సినిమా.

ముక్కుసూటి | రాత్రి 10:40

రీలుపెట్టె గారికి ఏం చెప్పాలో తోచక ఇంతసేపు రాయలేదు. "ఎదురుగా ఏమీ జరగకపోయినా" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. గంట గుర్తు నొక్కమనేవాళ్ళ మీద మాత్రం నా కోపం అలాగే ఉంది.

గొంతుసవరింపు | ఆదివారం, ఉదయం 7:05

రాత్రి ఆ తల్లికి జవాబు రాశా. బాబుకి ఇప్పుడు కథలు వద్దట, క్రికెట్టట. చెల్లెలు వింటుందట, పాతవే మళ్ళీ మళ్ళీ. 42వది మొదలుపెట్టా. ఫోన్ జానెడు దూరం.

కత్తెరపని | ఉదయం 10:18

ఆ కుట్టుమిషన్ ఆవిడకి కామెంట్ రాశా. పదకొండేళ్ళలో పని కోసం కాకుండా ఒక వీడియో కింద రాయడం ఇదే మొదటిసారి. మిషన్ బాగైందని చెప్పి థాంక్స్ చెప్పా. ఆవిడ వెంటనే బదులిచ్చింది: "వేలు అడ్డం వచ్చిందని మా పాప తిడుతోంది సార్, మళ్ళీ తీసి పెట్టమంటారా?" వద్దన్నా. కాగితం ముక్క చూపించిన చోటు వీడియోలో ఎన్నో నిమిషమో కింద రాసి పెట్టమన్నా, అంతే.

ముక్కుసూటి | ఉదయం 10:55

కొంచెం సిగ్గుగానే అడుగుతున్నా. మా ఇంట్లో మిషన్‌కీ కింద ఉచ్చులు పడుతున్నాయి. మీరు చెప్పినట్టే పాదం ఎత్తి ఎక్కించా. తగ్గాయిగానీ పూర్తిగా పోలేదు. నాలుగు కుట్లకొకటి వదిలేస్తోంది కూడా.

షార్ట్‌సర్క్యూట్ | ఉదయం 11:01

సూది మార్చి ఎన్నాళ్ళయింది?

ముక్కుసూటి | ఉదయం 11:03

సూది మార్చాలా?